పక్క కౌన్సిళ్లతో కలిసి ప్రాంతీయ ప్రణాళిక: ఏ రకం కూటమి ఎవరికి నప్పుతుంది?

వాగు ఒక కౌన్సిల్ (ఊరినో పట్టణాన్నో నడిపే స్థానిక సంస్థ) పరిధిలో పుట్టి ఇంకో కౌన్సిల్‌ను ముంచుతుంది. ఉద్యోగి ఇల్లు ఒకదాంట్లో, ఆఫీసు రెండోదాంట్లో, మధ్యలో ట్రాఫిక్ జామ్ మూడోదాంట్లో. పొలిమేరలో గోదాముల లేఅవుట్‌కు అనుమతి ఇచ్చిన కౌన్సిల్‌కు పన్ను వస్తుంది, లారీలూ దుమ్మూ పక్కవాళ్లకు మిగులుతాయి. ఇవన్నీ చూశాక "కలిసి ప్లాన్ వేసుకుందాం" అని ఎవరో ఒకరు అనక తప్పదు. ఆ మాటకు అందరూ తలూపుతారు కూడా. తేడాలు ఆ తర్వాత బయటపడతాయి. కలవడం అంటే ఒకరి దృష్టిలో మూడు నెలలకోసారి మీటింగ్. ఇంకొకరి దృష్టిలో ఉమ్మడి మాస్టర్ ప్లాన్. మరొకరి దృష్టిలో, తమ జోనింగ్‌ను (ఏ భూమిని దేనికి వాడాలన్న నిర్ణయాన్ని) సరిదిద్దగల అధికారం ఉన్న కొత్త సంస్థ.

ప్రపంచంలో కౌన్సిళ్లు కలిసిన పద్ధతులు చాలా ఉన్నా, స్థూలంగా నాలుగు రకాలకు వస్తాయి: వదులైన వేదిక, ఉమ్మడి కమిటీ, చట్టబద్ధమైన ప్రాంతీయ సంస్థ, ప్రజలే ఎన్నుకునే ప్రాంతీయ సభ. వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. మీకు ఏది సరిపోతుందని అడిగితే మాత్రం ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మీ కూటమి తీసుకోవాల్సిన నిర్ణయాల్లో అతి చేదైనది ఏదో దాన్ని బట్టి రూపం ఎంచుకోండి. ఆ నిర్ణయాన్ని మోయగలిగినంత బలం చాలు, అంతకన్నా బరువైనది అక్కర్లేదు.

ముందు చేయాల్సిన లెక్క

ఒక కాగితం మీద, వచ్చే పదేళ్లలో ఈ కౌన్సిళ్లన్నీ కలిసి తేల్చుకోవాల్సిన విషయాలు రాయండి. ప్రతిదాని పక్కన ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని రెండు గడులు పెట్టండి. జనాభా అంచనాలు, వరద మ్యాపు, భూవినియోగ సర్వే లాంటివాటికి నష్టం గడి ఖాళీగా ఉంటుంది. బస్సు రూట్లకు కొంచెం గొణుగుడు ఉంటుంది. చెత్త డంపింగ్ యార్డు దగ్గరికి వచ్చేసరికి ఒక సభ్యుడి పేరు గట్టిగా రాయాల్సి వస్తుంది. కొత్త ఇళ్ల కోటా అయితే ప్రతి ఒక్కరూ పక్కవాళ్ల వైపే చూపిస్తారు. పారిశ్రామికవాడ విషయంలో దీనికి తలకిందులు: అందరూ మాకే కావాలంటారు. ఇక "ఇక్కడ కట్టడాలు వద్దు, పొలాలుగానే ఉంచుదాం" అని గీత గీస్తే, ఆ గీతకు బయట పడ్డ భూమి యజమానీ, అక్కడి భవిష్యత్తు పన్ను కోల్పోయే కౌన్సిలూ ఇద్దరూ మీ ఎదుట నిలబడతారు.

నష్టం గడులు దాదాపు ఖాళీగా ఉంటే మీకు వేదిక చాలు. రెండు మూడు పేర్లు ఉండి, అవి ఒక్కో విషయంలో ఒక్కొక్కరివైతే కమిటీతో నెట్టుకురావచ్చు. ప్రతి వరుసలోనూ అదే ఒకటి రెండు కౌన్సిళ్ల పేర్లు కనిపిస్తుంటే, వాళ్లు ఏ కూటమిలోనూ స్వచ్ఛందంగా ఎక్కువ కాలం ఉండరు. అప్పుడు మాట్లాడాల్సింది ఓట్ల గురించీ, నష్టపరిహారం గురించీ.

ఈ కాగితం లేకుండానే పేరు, లోగో, ప్రారంభ సభ తేదీ ఖరారు చేసుకునే కూటములు చాలా ఉంటాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వదులైన వేదిక

అవగాహన ఒప్పందం మీద సంతకాలు, ఏడాదికి కొన్ని సమావేశాలు, చిన్న సచివాలయం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ప్రతి కౌన్సిల్ ఒక తీర్మానం చేస్తే సరిపోతుంది. సిడ్నీ పశ్చిమ శివార్లలోని కౌన్సిళ్లు 1973లో ఇలాగే ఒక ప్రాంతీయ సంఘంగా ఏర్పడ్డాయి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న కౌంటీల (జిల్లాల్లాంటివి), నగరాల పాలక సంస్థలు అంతకుముందే, 1961లో, బే ఏరియా ప్రభుత్వాల సంఘంగా కూడాయి.

దీన్ని తక్కువగా చూడక్కర్లేదు. ఒకే ఆధార సంవత్సరం, ఒకే జనాభా అంచనా, ఒకే వరద నమూనా మీద అందరూ పనిచేయడం మొదలైతే సగం తగాదాలు అక్కడే తగ్గుతాయి. పై ప్రభుత్వం దగ్గర రైలు లైను కోసమో, నీటి పథకం కోసమో ఒకే గొంతుతో అడగడానికీ ఇది బాగా పనికొస్తుంది.

నష్టం పంచాల్సి వచ్చినప్పుడు మాత్రం చేతులెత్తేస్తుంది. ఇంగ్లండ్ అనుభవం దీనికి మంచి పాఠం. అక్కడ 2011 నాటి లోకలిజం చట్టం ప్రాంతీయ వ్యూహాల వ్యవస్థను తీసేసి, దాని స్థానంలో పొరుగు కౌన్సిళ్లు "సహకరించుకోవాలి" అనే బాధ్యత పెట్టింది. సహకరించాలి అంది గానీ ఒప్పుకోవాలి అనలేదు. దాంతో తమ దగ్గర పట్టని ఇళ్లను తీసుకోమని అడిగే కౌన్సిళ్లూ, మా దగ్గరా చోటు లేదని మర్యాదగా ఉత్తరం రాసే కౌన్సిళ్లూ తయారయ్యాయి. లండన్‌కు దగ్గర్లోని సెవెనోక్స్ కౌన్సిల్ ప్రణాళిక ఈ బాధ్యత దగ్గరే ఆగిపోయింది. తమకు మిగిలిపోయిన ఇళ్ల అవసరం గురించి పొరుగువాళ్లతో సకాలంలో, గట్టిగా చర్చించలేదని ప్లాన్‌ను పరిశీలించే ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ తేల్చారు. కౌన్సిల్ కోర్టుకెళ్లింది, 2020లో హైకోర్టులోనూ ఓడింది.

కాబట్టి వేదికే చాలనుకున్నా రెండు పనులు తప్పవు. పొరుగువాళ్లను అడగాల్సింది చిత్తు ప్రతి దశలోనే అడగాలి, ముద్రణకు వెళ్లే ముందు కాదు. అడిగిన ప్రతిదీ, వచ్చిన ప్రతి జవాబూ మినిట్స్‌లో ఉండాలి. "ఫోన్‌లో మాట్లాడుకున్నాం" అన్నది ఏ విచారణలోనూ నిలవదు.

ఉమ్మడి కమిటీ, ఉమ్మడి ప్లాన్

వేదిక కన్నా ఒక మెట్టు పైన ఇది. కౌన్సిళ్లు తమ ప్రతినిధులతో కమిటీ వేసుకుంటాయి, ప్లానర్లను ఒకే ఆఫీసులో కూర్చోబెడతాయి, ఒకే ప్లాన్ తయారుచేస్తాయి. కానీ ఇందులో రెండు రకాలున్నాయి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కొంప ముంచేది ఇదే.

మొదటి రకంలో కమిటీయే ప్రణాళికా సంస్థ అవుతుంది. కమిటీ ఆమోదిస్తే ప్లాన్ అమల్లోకి వచ్చినట్టే, మళ్లీ ప్రతి కౌన్సిల్‌కూ తిరగక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 2004 నాటి ప్రణాళికా చట్టం 29వ సెక్షన్ దీనికి దారి ఇచ్చింది. నార్త్ నార్తాంప్టన్‌షైర్‌లో కార్బీ, కెటరింగ్ వంటి పట్టణాల కౌన్సిళ్లు కౌంటీతో కలిసి ఇలాంటి కమిటీ వేసుకుని 2008లో ఉమ్మడి వ్యూహాన్ని ఆమోదించుకున్నాయి. 2016లో దాన్ని సవరించిన ప్లాన్ కూడా తెచ్చుకున్నాయి.

రెండో రకంలో కమిటీ ప్లాన్ తయారుచేస్తుంది గానీ ఆమోదించేది ప్రతి కౌన్సిల్ సర్వసభ్య సమావేశం. నారిచ్ నగరం, దాని పొరుగున ఉన్న బ్రాడ్‌ల్యాండ్, సౌత్ నార్ఫోక్ ఈ దారిలోనే 2011లో ఒకటి, 2024లో ఇంకొకటి ఉమ్మడి ప్లాన్లు తెచ్చుకున్నాయి. ముగ్గురే కావడం వాళ్లకు కలిసొచ్చింది. ముగ్గురు ఒప్పుకోవడం కష్టమే గానీ జరిగే పని. పదిమంది అయితే?

గ్రేటర్ మాంచెస్టర్ కథ ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. అక్కడి పది కౌన్సిళ్లు కలిసి పనిచేయడంలో కొత్తవాళ్లేం కాదు. 1986లో పై అంచె కౌంటీ కౌన్సిల్‌ను రద్దు చేసినప్పుడే ఒక సంఘంగా ఏర్పడ్డాయి, 2011లో చట్టబద్ధమైన కంబైన్డ్ అథారిటీ (ఉమ్మడి పాలక సంస్థ) అయ్యాయి, 2017లో మేయర్ ఎన్నిక కూడా జరిగింది. ఇంత పరిచయం ఉన్న ఆ పదీ కలిసి ఇళ్లకూ పరిశ్రమలకూ ఒకే స్థల ప్రణాళిక వేసుకుందామనుకున్నాయి. 2016లో మొదటి ముసాయిదా బయటికి రాగానే గ్రీన్ బెల్ట్ (ఊళ్ల చుట్టూ కట్టడాలు రాకుండా కాపాడే) భూముల మీద గగ్గోలు లేచింది. 2019లో గ్రీన్ బెల్ట్ కోత తగ్గించి ఇంకో ముసాయిదా తెచ్చారు. తీరా ఖరారు చేసే వేళకు, 2020 డిసెంబరులో, స్టాక్‌పోర్ట్ కౌన్సిల్ ముందుకు వెళ్లబోమని ఓటేసింది. ఆ ఒక్క ఓటింగ్‌తో పది కౌన్సిళ్ల ప్లాన్ పోయింది.

తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. మిగిలిన తొమ్మిదీ పనిని గాలికి వదల్లేదు. ఒక సభ్యుడు తప్పుకున్నా, మారిన ప్లాన్ మిగతావాళ్ల మీద చూపే ప్రభావం దాదాపు పాతదే అయితే మళ్లీ మొదటి నుంచి మొదలెట్టక్కర్లేదని నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. దాన్ని పట్టుకుని తొమ్మిది కౌన్సిళ్ల ప్లాన్‌గా మార్చి, విచారణ దాటించి, 2024 మార్చిలో ఆమోదించుకున్నాయి. మొదటి ముసాయిదా నుంచి లెక్కేస్తే ఏడేళ్లు దాటింది. వెళ్లిపోయినవాళ్లతో ఏం చేయాలో ముందే రాసి ఉన్న ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎంత కాలం పట్టేదో ఊహించుకోవచ్చు.

బ్రిస్టల్ చుట్టుపక్కల నాలుగు కౌన్సిళ్ల ఉమ్మడి ప్లాన్ ఇంకో రకంగా దెబ్బతింది. అక్కడ పేచీ సభ్యుల మధ్య కాదు. కొత్త ఆవాసాలకు ఆ స్థలాలనే ఎందుకు ఎంచుకున్నారో సరైన ఆధారం కనబడటం లేదని 2019లో ఇన్‌స్పెక్టర్లు ఆక్షేపించారు. 2020లో ప్లాన్‌ను వెనక్కి తీసుకున్నారు. తలా ఒక స్థలం ఇచ్చుకుని "అందరికీ న్యాయం జరిగింది" అని తృప్తిపడే కూటములు ఇది గుర్తుపెట్టుకోవాలి. రాజీ కుదరడం వేరు, ఆ రాజీకి సాంకేతిక కారణం చూపించగలగడం వేరు. పక్కన పెట్టిన ప్రత్యామ్నాయాలను ఎందుకు పక్కన పెట్టారో రాసిన నోట్ ఫైల్లో ఉండి తీరాలి.

ఉద్యోగుల విషయం చాలామంది పట్టించుకోరు. ఉమ్మడి ప్లాన్‌కు ఉమ్మడి సిబ్బంది కావాలి. పెద్ద కౌన్సిల్ తన ప్లానింగ్ విభాగాన్నే అప్పగిస్తానంటే ఖర్చు కలిసొస్తుంది, నిజమే. కానీ ఆ అధికారి పదోన్నతి ఎవరి చేతిలో ఉందో చిన్న కౌన్సిళ్లకు తెలుసు. అతను ఎంత నిజాయితీగా నోట్ రాసినా వాళ్లు దాన్ని అనుమానంతోనే చదువుతారు. కేంబ్రిడ్జ్ నగరం, దాని చుట్టూ ఉన్న సౌత్ కేంబ్రిడ్జ్‌షైర్ 2018 నుంచి ప్లానింగ్ విభాగాన్నే ఉమ్మడిగా నడుపుతున్నాయి. దైనందిన అనుమతుల ఫైళ్లు కూడా ఆ విభాగమే చూస్తుంది. ఇద్దరే అయినప్పుడు, అందులోనూ ఒకరు ఇంకొకరిని చుట్టి ఉన్నప్పుడు, ఇది చక్కటి పద్ధతి. అయిదారుగురు అయితే కనీసం ప్లాన్ బృందానికి అధిపతిని కమిటీయే నియమించాలి, కమిటీయే వార్షిక నివేదిక రాయాలి.

చట్టబద్ధమైన ప్రాంతీయ సంస్థ

ఇక్కడ కూటమికి సొంత చట్టబద్ధ హోదా, సొంత బడ్జెట్, సొంత ప్లాన్ ఉంటాయి. కానీ బోర్డులో కూర్చునేది సభ్య కౌన్సిళ్లు పంపిన ప్రతినిధులే. చేదు నిర్ణయాలు ఉన్నచోట నేను మొదట చూడమనేది దీన్నే.

కెనడాలో మెట్రో వాంకూవర్ 1967 నుంచి ఇలా నడుస్తోంది. ఇప్పుడు అందులో 21 మునిసిపాలిటీలు, ఒక ఎలక్టోరల్ ఏరియా (ఏ మునిసిపాలిటీలోనూ లేని ప్రాంతం), ఒక ఫస్ట్ నేషన్ (ఆదివాసీల సొంత పాలక సంస్థ) ఉన్నాయి. తాగునీరు, మురుగునీరు, చెత్త అన్నీ ఈ గొడుగు కిందే కాబట్టి సభ్యులకు రోజువారీ అవసరం ఉంటుంది, అలిగి వెళ్లిపోవడం అంత సులువు కాదు. ఇది చిన్న విషయం కాదు. వట్టి ప్లాన్ కోసమే ఏర్పడ్డ కూటమి కన్నా, కుళాయి నీళ్లు కూడా చూసే కూటమి నిలబడుతుంది.

అక్కడి పద్ధతిలో నాకు నచ్చిన భాగం ఇంకొకటుంది. ప్రాంతీయ వ్యూహం ప్రతి వీధినీ గీయదు. పట్టణ వృద్ధి ఎక్కడ ఆగాలి, పారిశ్రామిక భూమి ఎక్కడ కాపాడాలి లాంటి పెద్ద గీతలే గీస్తుంది. ఆ తర్వాత ప్రతి మునిసిపాలిటీ, తన సొంత ప్లాన్ ఆ గీతలకు ఎలా సరిపోతుందో, సరిపోనిచోట ఎప్పటికి సరిచేస్తుందో ఒక ప్రకటన రాసి ప్రాంతీయ బోర్డు ఆమోదం పొందాలి. లేఅవుట్లు, భవనాల ఎత్తు, రోడ్ల వెడల్పు కౌన్సిల్ చేతిలోనే ఉంటాయి. అధికారం ఎక్కడిది ఎక్కడో తెలిసినప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది.

అక్కడా గొడవ రాలేదని కాదు. 2011లో కొత్త వ్యూహాన్ని సభ్యులందరూ అంగీకరించాల్సి ఉండగా కోక్విట్లామ్ నగరం ఒక్కటే కాదంది. స్థానిక భూవినియోగం మీద ప్రాంతీయ బోర్డు పెత్తనం పెరుగుతుందన్నది దాని భయం. అయితే ఒకరు కాదంటే ఏం చేయాలో చట్టంలో ముందే ఉంది: వివాద పరిష్కార ప్రక్రియకు వెళ్లాలి. వెళ్లారు, మాట్లాడుకున్నారు, చివరికి ఆ నగరం కూడా ఒప్పుకుంది, అదే ఏడాది వ్యూహం అమల్లోకి వచ్చింది. మాంచెస్టర్‌లోనూ ఇక్కడా కాదన్నది ఒక్కరే. కాదన్నాక ఎక్కడికి వెళ్లాలో తెలియడంలోనే తేడా అంతా.

ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది. అక్కడ కమ్యూన్లు (అన్నిటికన్నా కింది స్థాయి స్థానిక సంస్థలు) చాలా చిన్నవి, చాలా ఎక్కువ. 2014లో వచ్చిన చట్టం, కమ్యూన్ల సముదాయాలకు స్థానిక భూవినియోగ ప్రణాళిక అధికారం 2017 మార్చి నాటికి తనంతట తానే బదిలీ అవుతుందని చెప్పింది. అయితే సముదాయంలో కనీసం నాలుగో వంతు కమ్యూన్లు, జనాభాలో కనీసం 20 శాతానికి ప్రాతినిధ్యం వహిస్తూ, వద్దంటే బదిలీ ఆగుతుంది. చేరడానికి సంతకాలు అడగకుండా, ఆపడానికి సంతకాలు అడిగారు. ఒకరిద్దరు అడ్డుపడితే ఆగదు, నిజంగా వ్యతిరేకత ఉంటే ఆగుతుంది. మీ ఒప్పందంలో ఏదైనా అధికారాన్ని దశలవారీగా బదిలీ చేయాలనుకుంటే ఈ మలుపు చాలా పనికొస్తుంది.

ప్రజలు ఎన్నుకునే ప్రాంతీయ సభ

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ చుట్టూ ఉన్న 24 నగరాలు, మూడు కౌంటీల ప్రాంతానికి మెట్రో అనే సంస్థ ఉంది. 1978లో ఓటర్లు దీనికి ఒప్పుకున్నారు, 1979లో పట్టణ వృద్ధి సరిహద్దు (నగరం దాటి పెరగకూడని గీత) గీశారు. దాని కౌన్సిలర్లను జనం నేరుగా ఎన్నుకుంటారు. జర్మనీలో స్టట్‌గార్ట్ ప్రాంతీయ సంఘం 1994 నుంచి 179 మునిసిపాలిటీల పరిధికి ప్రత్యక్షంగా ఎన్నికైన సభతో పనిచేస్తోంది. రూర్ ప్రాంతంలో 1920 నుంచీ ప్రణాళికా సంఘం ఉన్నా, దాని సభకు మొదటి ప్రత్యక్ష ఎన్నిక జరిగింది 2020లో.

దీని గొప్పదనం తేలిగ్గా అర్థమవుతుంది: సభ్యుడు తన ఊరి తరఫున కాక ప్రాంతం తరఫున మాట్లాడగలడు. కష్టం కూడా అక్కడే. ఇది కౌన్సిళ్లు తమంతట తాము పెట్టుకోగలిగింది కాదు, పై ప్రభుత్వం చట్టం చేయాలి. తమ చేతిలోని అధికారాన్ని ఇంకో ఎన్నికైన సభకు ఇవ్వమని ఏ కౌన్సిలరూ ఉత్సాహంగా తీర్మానం పెట్టడు. మొదటిసారి కూటమి కట్టుకునేవాళ్లు దీన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. రూర్ లాంటి పాత సంఘానికే అక్కడికి చేరడానికి వందేళ్లు పట్టింది.

పైనుంచి రుద్దినవి కూడా ఉన్నాయి, వాటిని ఎంచుకోవడం మన చేతిలో ఉండదు కాబట్టి క్లుప్తంగా. కెనడాలోని టొరంటోలో 13 మునిసిపాలిటీలను కలిపి 1954లో రాష్ట్ర ప్రభుత్వమే మెట్రో సంస్థను పెట్టింది. అమెరికాలోని మినియాపోలిస్, సెయింట్ పాల్ ప్రాంతానికి 1967లో ఏర్పడ్డ మెట్రోపాలిటన్ కౌన్సిల్ సభ్యులను గవర్నర్ నియమిస్తారు, అందుకే "మమ్మల్ని అడిగారా" అన్న విమర్శ దాన్ని వదల్లేదు. భారత రాజ్యాంగం 243ZE అధికరణ 10 లక్షలు, ఆపై జనాభా ఉన్న మెట్రో ప్రాంతాలకు ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది, సభ్యుల్లో కనీసం మూడింట రెండొంతుల మంది స్థానిక ప్రజాప్రతినిధుల నుంచి ఎన్నికైనవాళ్లే కావాలంటుంది. అయితే కమిటీ తయారుచేసేది ముసాయిదా అభివృద్ధి ప్రణాళిక, అది ప్రభుత్వానికి వెళ్తుంది.

ఓట్ల లెక్క

రూపం ఏదైనా అసలు కూటమి ఈ పేజీలో ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం. అయిదు కౌన్సిళ్లు అనుకోండి. ఒక నగరం, జనాభా 3,00,000. నాలుగు పట్టణాలు, ఒక్కోదానికి 40,000. మొత్తం 4,60,000.

తలా ఒక ఓటు అంటే నాలుగు పట్టణాలు, అంటే 1,60,000 మంది, నగరాన్ని ప్రతిసారీ ఓడించగలరు. నగరం కొన్నాళ్లు ఓపిక పట్టి తర్వాత డిప్యూటీని పంపడం మొదలుపెడుతుంది. జనాభా ప్రకారం అంటే నగరం చేతిలో 65 శాతం ఓట్లు, పట్టణాలకు మీటింగుకు రావాల్సిన పనే లేదు.

మెట్రో వాంకూవర్ పద్ధతి మధ్యేమార్గంలా కనిపిస్తుంది: ప్రతి 20,000 మందికి ఒక ఓటు, ఒక్కో ప్రతినిధికి గరిష్ఠంగా 5 ఓట్లు. మన లెక్కలో పెడితే నగరానికి ముగ్గురు ప్రతినిధులు, 15 ఓట్లు. పట్టణాలకు తలా రెండు, మొత్తం 8. నగరం మళ్లీ గెలిచింది! అక్కడ ఇది ఎందుకు నడుస్తుందంటే, వాంకూవర్ నగరం ప్రాంత జనాభాలో దాదాపు నాలుగో వంతే. సూత్రం మంచిదైనా మీ ప్రాంతం ఆకారానికి సరిపోకపోతే పనిచేయదు.

పెద్దన్న ఒక్కడే ఉన్నచోట రెండు తాళాలు కావాలి. ఫ్రాన్స్‌లో కమ్యూన్ల సముదాయం ఏర్పాటుకు వాడే అర్హత మెజారిటీ ఇలాంటిదే: సగం జనాభాకు పైగా ఉన్న మూడింట రెండొంతుల కౌన్సిళ్లు, లేదా మూడింట రెండొంతుల జనాభా ఉన్న సగం కౌన్సిళ్లు ఒప్పుకోవాలి. మన అయిదుగురికి దీన్ని పెట్టి చూడండి. నాలుగు పట్టణాలూ కలిసినా 35 శాతం జనాభాయే, నగరం లేకుండా ఏమీ జరగదు. నగరం ఒంటరిగా అయిదింట ఒకటే, కనీసం ఇద్దరిని ఒప్పించాలి. ఎవరూ ఒంటరిగా నడపలేరు, చిన్నవాడు ఒక్కడే ఆపనూ లేడు. నేనైతే పెద్ద నిర్ణయాలకు ఇదే పెడతాను, రోజువారీ పనులకు మామూలు మెజారిటీ చాలు. ఏకగ్రీవం మాత్రం సభ్యత్వం మార్పుకూ, ఒప్పందం సవరణకూ పరిమితం చేయాలి. ప్లాన్‌కు ఏకగ్రీవం పెట్టడమంటే ఎవరో ఒకరి స్థానిక ఎన్నికలకు ప్లాన్‌ను తాకట్టు పెట్టడమే.

డబ్బు

సభ్యత్వ చందా తలసరిన వసూలు చేయడం అందరికీ తెలిసిన పద్ధతి, పెద్దగా పేచీ రాదు. పేచీ పారిశ్రామికవాడ పన్ను మీద వస్తుంది. పన్ను ఎవరి పరిధిలో పడితే వాళ్లదే అయినంత కాలం, ఉమ్మడి ప్లాన్‌లో "ఇక్కడ ఫ్యాక్టరీలు, అక్కడ పొలాలు" అని రాయడం పొలాలు వచ్చినవాళ్లకు శిక్షలా ఉంటుంది. పిల్లి మెడలో గంట కట్టేదెవరో తేలదు.

మినియాపోలిస్ ప్రాంతంలో దీనికి 1971లోనే చట్టం చేశారు. ప్రతి నగరం తన వాణిజ్య, పారిశ్రామిక పన్ను విలువలో ఆ ఏడాది తర్వాత పెరిగిన దాంట్లో 40 శాతం ఉమ్మడి నిధిలో వేయాలి. ఉదాహరణకు ఒక ఊరి పన్ను విలువ అప్పుడు 100, ఇప్పుడు 150 అనుకుందాం. పెరిగిన 50లో 20 నిధికి వెళ్తుంది, 130 ఊరికే మిగులుతుంది. పాత 100ను ఎవరూ ముట్టుకోలేదు, అందుకే ఊళ్లు దాన్ని భరించాయి. నిధిని జనాభానూ, తలసరి ఆస్తి విలువనూ చూసి తిరిగి పంచుతారు, తక్కువ ఆస్తి ఉన్న ఊరికి ఎక్కువ వస్తుంది. చట్టం మీద కోర్టు కేసులు పడి, పంపకం మొదలయ్యేసరికి కొన్నేళ్లు పట్టింది, కానీ ఇప్పటికీ నడుస్తోంది.

కొత్త కూటమికి ఇంత పెద్ద ఏర్పాటు మొదటి రోజే సాధ్యం కాకపోవచ్చు. ఒక్క ఉమ్మడి పారిశ్రామికవాడతో మొదలుపెట్టొచ్చు: రోడ్డూ నీళ్లూ ఖర్చు ఏ నిష్పత్తిలో పెట్టారో అదే నిష్పత్తిలో దాని పన్ను పంచుకోవడం. ఇది రాసుకున్నాకే మ్యాపు మీద రంగులు వేయాలి. రంగులు వేశాక పంపకం మాట్లాడితే, భూమి దక్కినవాడు ఎందుకు ఒప్పుకుంటాడు?

మీ పరిస్థితికి ఏది

ఇద్దరు ముగ్గురు కౌన్సిళ్లు, దాదాపు సమాన జనాభా, ఒక పట్టణం ఇంకొకదాంట్లోకి పెరిగిపోతున్న పరిస్థితి అయితే ఉమ్మడి కమిటీ తీసుకోండి. మీ చట్టం అనుమతిస్తే, కమిటీయే ఆమోదించే రకం. అనుమతించకపోతే ముసాయిదా దశలోనే ప్రతి కౌన్సిల్‌తో ఒక తీర్మానం చేయించుకోండి, చివరి ఓటు అకస్మాత్తుగా రాకుండా ఉంటుంది.

పది పన్నెండు కౌన్సిళ్లు, అందరికీ ఒకే నది అయితే, ప్లాన్‌కు ముందు వరద మ్యాపుతో, నీటి సరఫరాతో మొదలయ్యే వేదిక పెట్టుకోండి. నీళ్ల లెక్క నిలబడ్డాక దాన్నే చట్టబద్ధ సంస్థగా మార్చమని పై ప్రభుత్వాన్ని అడగండి. ఒకేసారి పదిమందితో ఉమ్మడి మాస్టర్ ప్లాన్‌కు దిగొద్దు.

ఒక పెద్ద నగరం, చుట్టూ భయపడే చిన్న కౌన్సిళ్లు అయితే రెండు తాళాల ఓటు, పన్ను పంపకం ఈ రెండూ ఒప్పుకున్నాకే ఏ రూపమైనా. నగరం ఈ రెండిటికీ ఒప్పుకోకపోతే చిన్నవాళ్లు తమలో తాము వేదిక పెట్టుకుని, ఒకే గొంతుగా నగరంతో ఒప్పందానికి రావడం మేలు.

ఒప్పందంలో ఇవి మర్చిపోకండి: నిష్క్రమణకు కనీసం ఏడాది నోటీసు, వెళ్లినవాళ్లు తమ వాటా అప్పులు తీర్చే బాధ్యత, ఒకరు వెళ్లినా మిగతావాళ్ల ప్లాన్ కొనసాగే పద్ధతి, వివాదం వస్తే మధ్యవర్తిని ఎవరు నియమిస్తారు, అయిదేళ్లకోసారి సమీక్ష. ప్రతి కౌన్సిల్ ఆమోదించే తీర్మానం పాఠం అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒక్క కౌన్సిల్ "స్థానిక అవసరాలకు లోబడి" అని రెండు మాటలు చేర్చినా, అయిదేళ్ల తర్వాత ఆ రెండు మాటల మీదే న్యాయవాదులు వాదిస్తారు. సంతకాల తేదీ, ప్లాన్ తుది ఓటు తేదీ ఏ సభ్య కౌన్సిల్ ఎన్నికలకూ ఆరు నెలల దగ్గరికి రాకుండా క్యాలెండర్ ముందే చూసుకోండి.